మూడు వారాల నీళ్లు: రేసు బోటు కట్టి, సెట్ చేసిన నా అనుభవం

మాది భీమవరంలో మోటార్ల రీవైండింగ్ షాపు. రొయ్యల చెరువుల ఏరియేటర్ మోటార్లు, సబ్‌మెర్సిబుల్ పంపులు, వేసవిలో ఫ్యాన్లు, మిక్సీలు. 22 ఏళ్లుగా ఇదే పని. కిందటేడు వేసవి సెలవుల్లో మా మేనల్లుడు ఒక చిన్న మోటారు తెచ్చి బల్ల మీద పెట్టాడు. 36 మిల్లీమీటర్ల లావు, 60 మిల్లీమీటర్ల పొడవు. అరచేతిలో ఇమిడిపోయింది. "ఇది ఒక కిలోవాట్ దాటి లాగుతుంది మావయ్యా" అన్నాడు. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. మా షాపులో ఒక హెచ్‌పీ మోటారుని ఒంటిచేత్తో లేపలేం. వాడి మాట నమ్మలేక విప్పి చూశాను. లోపల లావుపాటి తీగ, చాలా తక్కువ చుట్లు, మధ్యలో బలమైన అయస్కాంతం ఉన్న రోటరు. బ్రష్‌లు లేవు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీ నేవల్ వింగ్‌లో ఉండేవాణ్ణి. అక్కడ షిప్ మోడలింగ్ నేర్పేవారు. చెక్కతో ఓడ చేసి, చిన్న మోటారు బిగించి నీళ్లలో వదిలాను. చెయ్యి వదిలాక అది తన పాటికి తాను పోవడం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. వాడు తెచ్చిన మోటారు చూశాక మళ్లీ అదే గుర్తొచ్చింది. ఇద్దరం కలిసి రేడియో కంట్రోల్ రేసు బోటు కట్టాలని అనుకున్నాం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రేడియోతో నడిచే పడవని లోకానికి మొదట చూపించింది నికోలా టెస్లా, 1898లో, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో. అది బ్యాటరీతో నడిచిన పడవే. అంతకు పదేళ్ల ముందు, 1888లో, ఇండక్షన్ మోటారుకి పేటెంట్లు అందుకున్నదీ ఆయనే. మా షాపులోకి రోజూ వచ్చేవాటిలో ఎక్కువ ఆ మోటార్లే. ఈ రెండూ ఒకే మనిషి చేశాడని తెలిసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

ముందు ఎలాంటి బోటు అన్నది తేల్చుకోవాలి. హైడ్రోప్లేన్ చాలా వేగం. ముందు రెండు పక్కలా తేలే భాగాల మీద, వెనక ప్రొపెల్లర్ మీద లేచి పోతుంది. కానీ దానికి నీళ్లు నునుపుగా ఉండాలి. రెండు పొట్టలున్న క్యాటమరాన్ కూడా బాగానే పోతుంది, గాలి కిందికి దూరితే మాత్రం వెనక్కి తిరగబడుతుంది. మా దగ్గర ఉన్నది బాబాయి చేపల చెరువు. తొమ్మిది దాటితే గాలి లేచి చిన్న చిన్న అలలు వస్తాయి. అందుకని మోనో అనుకున్నాం. ఒకటే పొట్ట, అడుగు ఇంగ్లీషు వీ అక్షరంలా ఉంటుంది, అలని కోసుకుంటూ పోతుంది. పొడవు 70 సెంటీమీటర్లు.

లెక్క కాగితం మీద ముందే వేసుకున్నాం. ఈ మోటార్లకి కేవీ అని ఒక నంబరు ఉంటుంది. ఒక్కో వోల్టుకి లోడు లేకుండా ఎన్ని తిరుగుళ్లు తిరుగుతుందో చెప్పే నంబరు అది. మా వృత్తి భాషలో చెప్పాలంటే చుట్లు తగ్గిస్తే కేవీ పెరుగుతుంది, ఒక్కో ఆంపియర్‌కి వచ్చే బలం తగ్గుతుంది. మాది 2000 కేవీ. నాలుగు సెల్లుల లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ 14.8 వోల్టులు. రెండూ గుణిస్తే నిమిషానికి 29,600. ఈ సైజు బోట్లు కట్టేవాళ్లు 30,000 దగ్గర ఉండేలా చూసుకుంటారు, సరిపోయింది. ప్రొపెల్లర్ ఆక్టురా కంపెనీది ఎక్స్440. ఆ నంబరులోనే అంతా ఉంది: 40 అంటే వ్యాసం 40 మిల్లీమీటర్లు, ముందున్న 4 అంటే పిచ్ దానికి 1.4 రెట్లు. అంటే ఒక చుట్టుకి 56 మిల్లీమీటర్లు ముందుకి తోయాలి. గంటకి 99 కిలోమీటర్లు వచ్చింది కాగితం మీద. లోడు పడితే మోటారు ఐదో వంతు తగ్గుతుంది, ప్రొపెల్లర్ నీటిలో కొంత జారుతుంది. అవి తీసేస్తే 65, 70 మధ్య రావాలి. మా లక్ష్యం అదీ.

వానాకాలమంతా పొట్ట కట్టడంతోనే గడిచింది. థర్మకోల్, ప్లైవుడ్‌తో నమూనా చేసి, కార్ల పెయింటర్ వాడే పుట్టీ పూసి నునుపు చేశాం. దాని మీద అచ్చు తీసి, మైనం పాలిష్ ఆరు పూతలు పట్టించి, లోపల ఫైబర్ గ్లాస్ గుడ్డ, ఎపాక్సీ పరిచాం. మన వైపు వానాకాలం తేమలో ఎపాక్సీ గట్టిపడ్డాక పైన జిడ్డు పొర కడుతుంది. అది కడగకుండా పైన ఇంకో పొర వేస్తే పట్టదు. మొదటి పొట్ట నా చేతిలోనే పొరలు పొరలుగా ఊడొచ్చింది. రెండోసారి గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే పీచుతో కడిగి, ఆరబెట్టి, గరుకు కాగితం పట్టాకే తర్వాతి పొర వేశాం. పొట్ట బరువు 480 గ్రాములకి దిగింది. అన్నీ బిగించాక మొత్తం 2.1 కిలోలు.

రేసుకి బరువు చాలా ముఖ్యం. ప్రపంచ స్థాయిలో మోడల్ ఓడల పోటీలు నడిపే నావిగా సంస్థ ఎలక్ట్రిక్ తరగతుల్లో బ్యాటరీ బరువుకి హద్దు పెడుతుంది. అందరికీ ఒకే బరువు బ్యాటరీ. ఇక తేడా అంతా పొట్టలో, సెట్టింగ్‌లో చూపించాల్సిందే.

మోటారు నుంచి ప్రొపెల్లర్‌కి మధ్య ఉండేది ఫ్లెక్స్ షాఫ్ట్. స్పీడోమీటర్ కేబుల్ లాంటి మెలిపెట్టిన ఉక్కు తీగ. ఇత్తడి గొట్టంలోంచి వంపు తిరిగి వెనక్కి వస్తుంది. ఇది ఒక్క దిక్కుకే తిప్పాలి. వెనక్కి తిప్పితే మెలిక విప్పుకుంటుంది. సరైన దిక్కున లోడు పడితే మెలిక ఇంకా బిగుసుకుని తీగ పొట్టిది అవుతుంది. అందుకని వెనక ప్రొపెల్లర్‌ని పట్టుకునే లోహపు ముక్కకీ, దాన్ని మోసే స్ట్రట్‌కీ మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదలాలి. వదలకపోతే పూర్తి స్పీడులో ఆ రెండూ రాసుకుని బేరింగ్ కాలిపోతుంది. సందు చూడటానికి ఒక డ్రిల్ బిట్ పెట్టుకున్నాను, అది దూరాల్సిందే. ప్రతి రెండు పరుగులకీ తీగ బయటికి లాగి, తుడిచి, నీళ్లకి కరగని గ్రీజు పూసేవాళ్లం.

సంక్రాంతి వెళ్లాక బాబాయి చెరువు పట్టుబడి అయింది. ఎండబెట్టారు, సున్నం చల్లారు, కాలువ నీళ్లు పెట్టారు. పిల్ల వేయడానికి మూడు వారాలుంది. "చేప లేనప్పుడే మీ ఆట ఆడుకోండి. పిల్ల వేశాక గట్టు మీద అడుగు పెట్టనివ్వను" అన్నారు బాబాయి. న్యాయమే. తిరిగే ప్రొపెల్లర్ కత్తితో సమానం, చేపకైనా మనిషికైనా. మేతసంచులు కట్టే తాళ్లు ఆయనే విప్పించారు. అడ్డుకి వెదురు గడలు కూడా లేకుండా ఏడెకరాల నీళ్లు మాకు ఇచ్చారు.

మొదటి రోజు తెల్లారి ఆరున్నరకి వదిలాం. నీళ్లు అద్దంలా ఉన్నాయి. 30 మీటర్లు పోయిందో లేదో, ముక్కు లేవడం, పడటం, లేవడం, పడటం మొదలైంది. డాల్ఫిన్ ఎగిరినట్టు. ఇంకాస్త ట్రిగ్గర్ నొక్కితే పూర్తిగా గాల్లోకి లేచి బోర్లా పడింది. లోపల థర్మకోల్ ముక్కలు కుక్కి ఉంచాం కాబట్టి మునగలేదు. కాపలా ఆయన తాటిదోనెలో గడ వేసుకుంటూ వెళ్లి తెచ్చారు. మూత చుట్టూ టేపు వేసినా అరగ్లాసు నీళ్లు చేరాయి.

ముక్కు లేస్తోంది కాబట్టి బరువు ముందుకి జరిపాం. మోనోకి గురుత్వ కేంద్రం వెనక పలక నుంచి పొడవులో 30 శాతం దగ్గర ఉండాలంటారు. మాకది 21 సెంటీమీటర్లు. బ్యాటరీని 8 సెంటీమీటర్లు ముందుకి తోస్తే కేంద్రం 2 సెంటీమీటర్లు ముందుకి వచ్చింది. ఎగరడం ఆగిపోయింది. మేనల్లుడు చప్పట్లు కొట్టాడు. బోటులో పెట్టిన జీపీఎస్ తీసి చూస్తే గంటకి 47 కిలోమీటర్లే. బోటు సగం పొట్ట నీళ్లలో ఈడ్చుకుంటూ పోతోంది. మూడు నిమిషాల పరుగుకి బ్యాటరీలో తిరిగి నింపాల్సి వచ్చింది 3,900 మిల్లీయాంపియర్ అవర్లు. కరెంటు తాగుతోంది, వేగం లేదు. మోటారు చెయ్యి పెట్టలేనంత వేడి.

రోగం వేరే చోట ఉంది, మేం మందు వేరే చోట వేశాం అని ఆ రోజు సాయంత్రం అర్థమైంది. షాపులో బోటుని తిరగేసి, అడుగు మీద ఉక్కు స్కేలు నిలువుగా పెట్టి, వెనక నుంచి టార్చి వేశాను. మధ్యలో స్కేలు ఆనింది. వెనక అంచు దగ్గర చివరి 3 సెంటీమీటర్లలో వెలుగు కనిపించింది. అర మిల్లీమీటరు. గరుకు కాగితం పట్టేటప్పుడు చెయ్యి అంచు దగ్గర కిందికి జారుతుంది, అంచు గుండ్రం అవుతుంది. నమూనాలోనే పడిన ఆ గుండ్రం అచ్చులోకి, అచ్చులోంచి బోటులోకి వచ్చింది. నీరు పదునైన అంచు దగ్గర తెగిపోవాలి. గుండ్రంగా ఉంటే అంచుని అంటుకుని పైకి తిరుగుతూ వెనక భాగాన్ని కిందికి పీలుస్తుంది. వెనక దిగితే ముక్కు లేస్తుంది. అదీ సంగతి.

దీన్ని సరిచేయడానికి నాలుగు రాత్రులు పట్టింది. వెనక పలకకి ప్యాకింగ్ టేపు గోడలా అతికించి, అడుగు వైపు నుంచి ఎపాక్సీలో మైక్రోబెలూన్లు అనే సన్నని బోలు గుళికల పొడి కలిపిన ముద్ద నింపాను. టేపు అంచు కన్నా కాస్త ఎత్తుగా. గట్టిపడ్డాక టేపు తీస్తే లంబకోణంలో అంచు వచ్చింది. ఆ తర్వాత గరుకు కాగితాన్ని చేత్తో పట్టలేదు, గ్రానైట్ ముక్కకి అతికించి పట్టాను. పది సార్లు రుద్దడం, స్కేలు పెట్టడం, టార్చి వేయడం. మళ్లీ పది సార్లు. పక్క అంచులు కూడా అలాగే. నాలుగో రాత్రి ఒంటిగంటకి స్కేలు కింద ఎక్కడా వెలుగు లేదు. కొత్తగా బోటు చేసేవాళ్లెవరైనా నన్నడిగితే మోటారు కొనకముందు ఒక మంచి ఉక్కు స్కేలు కొనుక్కోమంటాను.

ఎనిమిదో రోజు బ్యాటరీ మళ్లీ వెనక్కి జరిపి, కేంద్రం 21 దగ్గర పెట్టి వదిలాం. బోటు లేచి, వెనక మూడో వంతు మాత్రమే నీళ్లని తాకుతూ, నిటారుగా పోయింది. 58. మోటారూ అదే, ప్రొపెల్లరూ అదే, బ్యాటరీ బరువూ అదే. తిరిగి నింపింది 3,400. వేగం పదకొండు పెరిగి ఖర్చు తగ్గింది. ఆ సంఖ్యలు నోట్‌బుక్‌లో రాస్తుంటే నా చేతులు వణికాయి.

నోట్‌బుక్ సంగతి కూడా చెప్తాను. ప్రతి పరుగుకీ ఒక వరస: గాలి, గురుత్వ కేంద్రం, స్ట్రట్ ఎత్తు, స్ట్రట్ కోణం, వెనక రేకులు (ట్యాబులు), ప్రొపెల్లర్, జీపీఎస్ వేగం, నింపిన కరెంటు, మోటారు వేడి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలని గట్టిగా అనుకున్నాం. రెండు మారిస్తే ఏది పని చేసిందో తెలీదు. మేనల్లుడికి తొందర, "రెండూ చేసేద్దాం మావయ్యా, టైమ్ లేదు" అనేవాడు. ఒప్పుకోలేదు.

పదో రోజు పెద్ద దెబ్బ తగిలింది. గట్టు దగ్గరికి వస్తున్న బోటు మూత సందులోంచి పొగ. బ్యాటరీ నుంచి మోటారుకి కరెంటు వదిలే స్పీడ్ కంట్రోలర్ కాలిపోయింది. తప్పు నాదే. బ్యాటరీని జరుపుకోవడానికి వీలుగా ఉండాలని, బ్యాటరీ నుంచి కంట్రోలర్‌కి వెళ్లే తీగలు 20 సెంటీమీటర్లు పెంచాను. లావు తీగే వేశాను, అతుకు బాగా పెట్టాను. మా ఏసీ మోటార్ల లెక్కలో అంత పొడవుకి పోయేది ఏమీ ఉండదు. కానీ ఈ కంట్రోలర్ సెకనుకి వేలసార్లు కరెంటు వేసి తీస్తుంది. తీగ పొడవు పెరిగితే ప్రతిసారీ వోల్టేజి ఎగిరెగిరి పడుతుంది. ఆ దెబ్బంతా కంట్రోలర్ ముందున్న కెపాసిటర్ల మీద పడుతుంది. విప్పి చూస్తే రెండు కెపాసిటర్లు పొట్టలు ఉబ్బి ఉన్నాయి. పొడవు పెంచక తప్పకపోతే మోటారు వైపు తీగలు పెంచుకోవాలి, లేదా అదనంగా కెపాసిటర్లు వేసుకోవాలి. కరెంటు పని 22 ఏళ్లు చేసిన నాకు ఇది తెలియకపోవడం చాలా బాధేసింది. కొత్తది రావడానికి వారం పట్టింది. 120 ఆంపియర్లది, నీటితో చల్లబడేది. ఈసారి బ్యాటరీ తీగలు ఉన్నంత పొట్టిగానే ఉంచి, కంట్రోలర్‌నే జరిపి బిగించాను.

ఆ వారం ఊరికే కూర్చోలేదు, ప్రొపెల్లర్ పట్టుకున్నాను. ఇవి బెరీలియం కాపర్‌తో పోతపోసినవి, కొత్తగా వచ్చినప్పుడు అంచులు మొద్దుగా, రెండు రెక్కలూ తేడాగా ఉంటాయి. ఇక్కడ జాగ్రత్త చెప్పాలి: బెరీలియం దుమ్ము ఊపిరితిత్తులకి విషం. పొడిగా ఎప్పుడూ రుద్దకూడదు. నేను పళ్లెంలో నీళ్లు పోసి, నీళ్లలోనే, మాస్కు, గ్లౌజులు వేసుకుని రుద్దాను. తర్వాత ఆ గుడ్డ, కాగితం తడిగానే కవర్లో కట్టి పడేశాను. నీటిలోకి ముందు దిగే అంచుని గోటి మీద పెడితే పట్టుకునేంత పదును చేయాలి. వెనక అంచు ముట్టుకోకూడదు. తర్వాత బ్యాలెన్స్. సన్నని ఉక్కు కడ్డీకి ప్రొపెల్లర్ తగిలించి, రెండు బ్లేడు అంచుల మీద అడ్డంగా పెట్టాను. బరువు రెక్క మెల్లగా కిందికి దిగుతుంది. దాని వీపు మీద కాస్త రుద్ది మళ్లీ పెట్టడం. ఎక్కడ ఆపితే అక్కడ నిలబడే దాకా. నిమిషానికి 20,000 పైన తిరిగేదానికి ఆ కాస్త తేడా కూడా బేరింగులకీ, షాఫ్టుకీ ప్రాణాంతకం. రెండు సాయంత్రాలు పట్టింది.

పదిహేడో రోజు మళ్లీ నీళ్లలోకి. 63. కానీ ఇప్పుడు కొత్త జబ్బు. పూర్తి స్పీడులో బోటు ఎడమకీ కుడికీ ఊగడం మొదలుపెట్టింది. వీ అడుగు మీద లేచి పోతున్నప్పుడు ఆనడానికి చోటు తగ్గిపోతుంది కాబట్టి మోనోలకి వచ్చే జబ్బే ఇది. వెనక పలకకి రెండు వైపులా ట్రిమ్ ట్యాబులు అని చిన్న రేకులు ఉంటాయి. రెండింటినీ విజిటింగ్ కార్డు మందం కిందికి దించాం. ఊగడం ఆగింది. కానీ ఒక పక్కకి ఒరుగుతూనే ఉంది. ప్రొపెల్లర్ ఒక దిక్కు తిరిగితే పొట్ట రెండో దిక్కుకి తిరగాలని చూస్తుంది, అందుకు. బ్యాటరీని ఒక సెంటీమీటరు ఎదురు పక్కకి జరిపితే నిటారుగా నిలబడింది.

మలుపులే మిగిలాయి. ఈ బోట్లు చాలా రేసుల్లో గడియారం తిరిగే దిక్కున తిరుగుతాయి, ఎక్కువగా కుడి మలుపులే. అందుకే చుక్కాని వెనక పలకకి కుడి పక్కన ఉంటుంది. మేం రెండు థర్మకోల్ ముక్కలకి ఇటుకలు కట్టి చెరువులో వదిలి, వాటి చుట్టూ తిప్పాం. పూర్తి స్పీడులో చుక్కాని పూర్తిగా తిప్పితే వెనక భాగం జారి గిర్రున తిరిగింది. ట్రాన్స్‌మిటర్‌లో చుక్కాని తిరుగుడు 60 శాతానికి తగ్గించి, చుక్కాని ముందు అంచుని కూడా ప్రొపెల్లర్‌లాగే పదును చేశాక గీత గీసినట్టు తిరిగింది. మలుపులోకి వెళ్లే ముందు ట్రిగ్గర్ కొంచెం వదిలి, మలుపులో మళ్లీ నొక్కాలి. అది మేనల్లుడి వేళ్లకి వచ్చినంత బాగా నా వేళ్లకి రాలేదు.

బ్యాటరీల దగ్గర మాత్రం నేను చాలా కఠినంగా ఉన్నాను. 5,000 సామర్థ్యంలో 4,000 దాటి వాడలేదు. సెల్లు 3.3 వోల్టుల కిందికి దిగనివ్వలేదు. ఛార్జింగ్ 5 ఆంపియర్లే, అదీ మట్టికుండలో పెట్టి, మనిషి ఎదురుగా ఉన్నప్పుడే. వాడనప్పుడు సెల్లుకి 3.8 వోల్టుల దగ్గర ఆపి నీడలో ఉంచాం. బోటు గట్టు మీద ఉన్నప్పుడు బ్యాటరీ తగిలించి ఉంటే ఎవరి చెయ్యీ ప్రొపెల్లర్ దగ్గరికి పోకూడదు. ఊళ్లో పిల్లలు చూడటానికి వచ్చేవారు. వాళ్లని ఎప్పుడూ మా వెనకే, గట్టు పైనే నిలబెట్టాం.

ఇరవయ్యో రోజు చివరిది. చిన్న గాలి, నీటి మీద సన్నని ముడతలు. అద్దంలాంటి నీళ్ల కన్నా ఇదే మంచిది, ముడతల మధ్య గాలి చేరి పొట్ట నీటికి అతుక్కోదు. బాబాయి కూడా వచ్చి గట్టు మీద నిలబడ్డారు. మేనల్లుడు రెండు చుట్లు తిప్పి మూడో చుట్టులో పొడుగు వైపు పూర్తిగా వదిలాడు. చెరువు ఆ చివర నుంచి ఈ చివరకి బోటు వెనక నీళ్లు కోడిపుంజు తోకలా లేచాయి. జీపీఎస్ 68 చూపించింది. బాబాయి ఏమీ అనలేదు. కాసేపాగి "ఇంకోసారి తిప్పమనరా" అన్నారు. బ్యాటరీలో ఇంకో నిమిషం ఉంది. తిప్పాడు.

మర్నాడు వ్యాను వచ్చింది, బొచ్చె, శీలావతి పిల్ల వదిలారు. నోట్‌బుక్‌లో చివరి వరస కింద తర్వాతి పని రాసి పెట్టాను: స్ట్రట్ ఒక మిల్లీమీటరు పైకి. ప్రొపెల్లర్ సగమే నీటిలో మునగాలి, మాది సగం కన్నా కొంచెం ఎక్కువే మునుగుతోందని నా అనుమానం. పక్క ఊళ్లో ఒక రైతు చెరువు వచ్చే నెలలో పట్టుబడికి వస్తోందట. ఆదివారం వెళ్లి అడగాలి.